రిబ్బను లేని పతకం

ఆయన పోయిన సంగతి నాకు ఐదో రోజున తెలిసింది. అప్పటికి పెట్టె విమానమెక్కి, రాయచోటి పక్కన ఆయన ఊరు చేరి, చేయవలసినవన్నీ అయిపోయాయి. ఫోను చేసింది ఇక్కడ కువైట్‌లో, ఫింటాస్‌లో ఆయన డ్రైవరుగా ఉన్న ఇంట్లో వంటచేసే గోదావరి జిల్లా ఆవిడ. ఆవిడైనా ఆ కబురు చెప్పడానికి చేయలేదు. ఆయన గదిలో నా స్వెట్టరు ఒకటి ఉండిపోయిందట. వచ్చి తీసుకెళతానా, పారేయమంటానా అని అడగడానికి చేసింది.

"అయ్యో, మీకు తెలీదాండీ? నిద్దట్లోనే పోయేరండి. మంగళవారం పంపించేసేరు కూడానూ" అంది.

నాకు తెలియదు. కార్లు కడిగే బంగ్లాదేశీకి తెలుసు. సందు చివర బకాలా కొట్టులో పెరుగు అమ్మే మలయాళీకి తెలుసు. పక్క ఇళ్ల డ్రైవర్లు కూడబలుక్కుని ఆస్పత్రి దాకా వెళ్లొచ్చారు. నాకు చెప్పాలని ఒక్కరికీ తోచలేదు. నేను ఇటువంటివి మరచిపోయే రకం కాదు కనక ముందే రాసి పెడుతున్నాను.

ఆయనకు నేను బంధువును కాను, ఊరివాణ్ణి అంతకన్నా కాను. మాది జగిత్యాల వైపు. ఉండేది రిగ్గైలో, పనిచేసేది కువైట్ సిటీలో ఒక కంపెనీ ఆఫీసులో. అయినా ఈ దేశంలో ఆయన గురించి మొదటి ఫోను రావలసింది నాకే. ఆయన నన్ను సముద్రంలోంచి బయటికి లాగాడు. అంతకంటే దగ్గరి చుట్టరికం ఏముంటుందో నాకెవరైనా చెప్పాలి.

అది ఒక శుక్రవారం. మా గదిలో నా తువ్వాలును ఎవరో కాళ్లు తుడుచుకునే గుడ్డ చేశారు. ఎవరని అడిగితే అందరూ ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. నాకు ఒళ్లు మండి, బస్సెక్కి ఒక్కణ్ణే ఫింటాస్ వెళ్లాను. సముద్రం చూడాలని కాదు, ఆ గదిలో ఉండకూడదని. ప్యాంటు మడిచి మోకాటి లోతులో నిలబడ్డాను. కొత్త రబ్బరు చెప్పు ఒకటి కాలి నుంచి జారి తేలుకుంటూ పోయింది. పోతే పోనీ అనేవాళ్లు చాలామంది ఉంటారు. తప్పు నాది కానప్పుడు నా వస్తువు నేనెందుకు వదులుకోవాలి? రెండడుగులు వేశాను. అది ఇంకో రెండడుగులు జరిగింది. అలా నడుస్తూ ఉంటే కింద ఇసుక లేదు.

ఆయన బట్టలతోనే వచ్చాడు. వెనక నుంచి నా కాలరు పట్టుకున్నాడు. నేను గిర్రున తిరిగి ఆయన మెడ పట్టుకున్నాను. ఆయన నీళ్లలోకి దిగిపోయాడు, నేనూ ఆయనతోపాటు దిగాను. పైకొచ్చాం. మళ్లీ దిగాం. ఆ రెండోసారి పైకి వచ్చినప్పుడు ఆయన చెయ్యి ఎత్తి నా చెంప మీద కొట్టాడు. మామూలుగా కాదు, పశువును అదిలించినట్టు. నా పట్టు జారింది. ఆయన నా జుట్టు పట్టుకున్నాడు. ఆ తర్వాత నాకు గుర్తున్నది ఒక్కటే. కుడిచేత్తో నన్ను లాగుతూ, ఎడమచేత్తో ఆయన పక్కకు తడుముతున్నాడు. ఈదేవాడి చెయ్యిలా లేదది. కరెంటు పోయిన గదిలో స్విచ్చి కోసం వెతికే చెయ్యిలా ఉంది.

ఒడ్డున మడత కుర్చీలోంచి ఒక ముసలి తెల్లావిడ లేచి వచ్చి ఆయనకు తువ్వాలు ఇచ్చింది. నాకు ఇవ్వలేదు. ఆయన తుడుచుకుని, సీటు తడవకుండా కవరు పరిచి, ఆవిడకు కారు తలుపు తీసి పట్టుకున్నాడు. ఎక్కబోతూ నావైపు చూసి అన్నాడు. "ఇంటికి పో అబ్బీ. ఏమన్నా తిను."

అంతే. జనం చూస్తుండగా చెంపమీద కొట్టినవాడు అన్నమాట అది.

మరుసటి శుక్రవారం ఆ కారును వెతుక్కుంటూ వెళ్లాను. సముద్రానికి రెండు సందుల వెనక ఒక పెద్ద ఇంటి ముందు దొరికింది. ఆయన దాన్ని కడుగుతున్నాడు.

"నన్నెందుకు కొట్టినవ్ అన్నా?" అని అడిగాను.

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. నా కాళ్ల దగ్గర ఆగాడు. "చెప్పు దొరికిందా?"

"లే."

"సరేలే. సంగటి చేసినా, తిందాం రా."

దానికి జవాబు ఆయన ఆ రోజు చెప్పలేదు. చెప్పేదాకా వదలకూడదని ప్రతి శుక్రవారం వెళ్లడం మొదలుపెట్టాను.

ఇంటి వెనక, నీళ్ల ట్యాంకు పక్కన ఆయన గది. మంచం, స్టవ్వు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. నేను రాకముందు రెండో కుర్చీ మీద ఏం పెట్టేవాడని అడిగితే, ఏమీ పెట్టేవాణ్ణి కాదన్నాడు. ఊరినుంచి తెప్పించుకున్న రాగిపిండితో సంగటి కెలికి, చనక్కాయల ఊరిబిండి నూరి పెట్టేవాడు. నేను ప్రతిసారీ ఏదో ఒక లోపం చెప్పేవాణ్ణి. ఉప్పు ఎక్కువైందనో, సంగటి ఉడకలేదనో. లోపం ఉండేది కనకే చెప్పేవాణ్ణి. ఆయన తల ఊపి ఇంకో ముద్ద వేసేవాడు.

కారెక్కే ముందు బానెట్టు మీద రెండుసార్లు తట్టేవాడు, ఎద్దు మూపురం తట్టినట్టు. బక్కెట్టులో చెయ్యి పెట్టేముందు కూడా నీళ్లను ముట్టి కళ్లకు అద్దుకునేవాడు. ఎవరితోనూ పది మాటలు వరసగా మాట్లాడింది చూడలేదు. ఇంటికి ఫోను చేస్తే మాటలు కాసేపట్లో అయిపోయేవి. ఆ తర్వాత పెట్టేసేవాడు కాదు. స్పీకరు పెట్టి, ఫోనును గూట్లో ఆనించి వదిలేసేవాడు. అవతల వాళ్లావిడ గిన్నెలు తోముతుండేది. మేక అరిచేది. ఎవరో వాకిట్లోకి వచ్చి పోయేవాళ్లు. ఆయన ఇక్కడ గోడకు ఆనుకుని కూర్చుని అదంతా వింటుండేవాడు. పెట్టేయకూడదా అని ఒకసారి అడిగితే, "ఉండనీ అట్టే. సప్పుడు ఇనపడతా ఉండాది గదా" అన్నాడు.

ఆ ఫోనులో సముద్రం సంగతి ఎప్పుడూ రాలేదు. ఒక మనిషిని నీళ్లలోంచి తీశానని ఆయన సొంత భార్యకు చెప్పలేదు. చెబితే ఆమె తిడుతుందట, సముద్రంలో నీకేం పని అని. నా ప్రాణం వాళ్లింట్లో వార్త కూడా కాలేకపోయింది. ఇది నేను మరచిపోని రెండో సంగతి. మొదటిది చెంపదెబ్బ. మూడోది పతకం.

ఆ తెల్లావిడ జర్మనీ మనిషి. అక్కడ చదువుకోవడానికి వెళ్లిన కువైటీని పెళ్లాడి వయసులో ఇక్కడికి వచ్చింది. భర్త పోయాడు. కొడుకులు వేరే ఇళ్లలో ఉంటారు. అంత పెద్ద ఇంట్లో ఆవిడ, వంటావిడ, ఈయన. ఇద్దరూ ఆవిడను మామా అనేవాళ్లు, ఇక్కడి ఇళ్లలో అమ్మా అని పిలిచినట్టు. రోజూ సాయంత్రం సముద్రం దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చునేది. నేను మునిగిన రోజున అదంతా కళ్లారా చూసింది.

ఒక శుక్రవారం మా ఇద్దరినీ లోపలికి పిలిచింది. బల్లమీద ఒక చిన్న పెట్టె. అందులో పాత వెండి పతకం, నారింజరంగు మీద తెల్ల చారలున్న రిబ్బను. ఒకవైపు గద్ద బొమ్మ. ఇంకోవైపు ఆకుల దండ, మధ్యన వాళ్ల భాషలో అక్షరాలు. ఆపదలోంచి కాపాడినందుకు అని అర్థమట. వాళ్ల తాత నదిమీద మంచు పగిలి మునిగిపోతున్న ఇద్దరు ఆడపిల్లల్ని తీశాడు. అందుకు వాళ్ల ప్రభుత్వం ఇచ్చింది. తన కొడుకులకు దాని అర్థం తెలియదని, దీన్ని పెట్టెలో ఉంచి తను పోవడం ఇష్టం లేదని చెప్పింది.

ఇచ్చేముందు ఆయన్ను ఒక్క ప్రశ్న అడిగింది. ఆ రోజు నీ ప్రాణానికి ఖతర్ ఉందా? ఖతర్ అంటే అరబ్బీలో ప్రమాదం.

"మాఫీ ఖతర్, మామా" అన్నాడు ఆయన. ఏ ప్రమాదమూ లేదని. చేతులు కట్టుకుని, నేల చూస్తూ.

ఆవిడ పతకాన్ని చేతిలోకి తీసుకుంది. పతకం నుంచి రిబ్బను విప్పింది. రిబ్బనును పెట్టెలో పెట్టి మూత వేసి, పతకం ఒక్కటే ఆయన చేతిలో పెట్టింది.

నా ముఖం చూసి కాబోలు, ఇంగ్లీషులో నిదానంగా వివరించింది. వాళ్ల దేశంలో వెనకటి రోజుల్లో మనిషిని కాపాడిన ప్రతివాడికీ రిబ్బను ఇచ్చేవారు కాదట. తన ప్రాణం పోతుందని తెలిసీ దిగినవాడికే రొమ్మున పెట్టుకునే పతకం. అంత ప్రమాదం లేకుండా కాపాడినవాడికి ఇంట్లో దాచుకోవడానికి మాత్రమే ఒక బిళ్ల. పతకాలు ఇచ్చే అధికారం తనకు లేదు, ఇది తాతగారి వస్తువు, ఇష్టమొచ్చినవాళ్లకు ఇచ్చుకోవచ్చు. కానీ ఆయన ఏ లెక్కన కాపాడానన్నాడో ఆ లెక్కన తప్ప ఇవ్వలేనని చెప్పింది.

ఆవిడ నియమం నాకు నచ్చింది. నియమాలను పట్టుకునేవాళ్లంటే నాకు గౌరవం. నాకు నచ్చనిది ఆయన జవాబు. నేను మునిగిన నీళ్లు ప్రమాదం లేని నీళ్లా?

ఆ పతకాన్ని ఆయన ఏం చేశాడో కూడా చెప్పాలి. తర్వాతి శుక్రవారం వెళ్లేసరికి దాని అంచు దూర్చి పాలపొడి డబ్బా మూత తీస్తున్నాడు.

"అది నా పానం కాపాడినందుకు ఇచ్చిండ్రు" అన్నాను.

"గట్టిగా ఉండాది అబ్బీ. చెంచా అయితే వంగిపోతాది" అన్నాడు.

ఆ తర్వాత కొన్ని నెలలకు, మాటల్లో మాటగా బావి సంగతి వచ్చింది. ఆయన ఈత నేర్చింది ఊరి తోటలో మోటబావిలో. నడుముకు ఎండు సొరకాయలు కట్టి వాళ్ల నాయన తోసేశాడట. పెద్దయ్యాక ఆ చుట్టుపక్కల బావుల్లో ఎవరు పడినా ఈయన్నే పిలిచేవాళ్లు. నా చెంపదెబ్బకు జవాబు కూడా ఆ రోజే వచ్చింది.

"బావిలో ఎవుడన్నా మెడ పట్టుకుంటే వాణ్ణి తీసుకోని కిందికి పోవాల. వాడికి కావాల్సింది పైకి. గాలి కోసరం వాడే వదిలేస్తాడు. నిన్ను రెండుతూర్లు ముంచినా. వదల్లా. జలగ కూడా ఉప్పేస్తే వదుల్తాది. నువ్వు వదల్లా. ఇంకేం చేసేది, కొట్టినా."

నేను అది పట్టించుకోలేదు. ఇంకోటి అడిగాను. ఆ ఎడమచెయ్యి ఎందుకు తడిమావని.

ఆయన గ్లాసులో నీళ్లు తాగాడు. "బావిలో యాడికి కొట్టుకున్నా గోడ తగుల్తాది. రాయి సందు దొరికితే సాలు, ఏలు పెట్టి ఊపిరి తీసుకోవచ్చు. అలవాటైన చెయ్యి కదా, అదే పోయింది గోడ కోసరం. ఈడ యాడుండాది గోడ."

నాకు అప్పుడు అర్థమైంది. ఈ మనిషి జన్మలో ఎప్పుడూ గోడలేని నీళ్లలో దిగలేదు. ఆ రోజే మొదటిసారి. దిగి, నా బరువు మెడకు వేసుకుని, లేని గోడ కోసం వెతికాడు. అది ప్రమాదం కాకపోతే ఇంకేది ప్రమాదం? ఇప్పుడే మామా దగ్గరికి పోదాం లెమ్మన్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పి రిబ్బను తీసుకోమన్నాను. అది నీకు రావలసింది, నువ్వు అడగకపోతే నేను అడుగుతానన్నాను.

ఆయన లేవలేదు. ఆయన గొంతు పెంచడం నేను ఎప్పుడూ వినలేదు. ఆ రోజు కూడా పెంచలేదు.

"నా ప్రాణం మీదికి వచ్చిందని చెప్తే, తెచ్చినోడు నువ్వని చెప్పినట్టు గదా అబ్బీ. ఆయమ్మ నిన్ను జూసినప్పుడంతా అదే తలుసుకుంటాది. నువ్వు అద్దంలో జూసుకున్నా అదే తలుసుకుంటావు. గుడ్డపీలిక కోసరం అంత పని ఏంటికి?"

"నేనేమనుకుంటనో నాకు ఇడిసిపెట్టు అన్నా."

"చెప్పినావంటే మళ్లా ఈడికి రావద్దు" అన్నాడు. తర్వాత అన్నం వడ్డించాడు.

నేను చెప్పలేదు. నాకు శుక్రవారాలు కావాలి. రిగ్గైలో గదినిండా మనుషులున్నా, నేను నోరు తెరిస్తే చాలు, ఒకడు స్నానానికి లేస్తాడు, ఒకడు దుప్పటి కప్పుకుంటాడు. ఫింటాస్‌లో ఒక కుర్చీ ఉంది. దానిలో కూర్చుని నేను ఏది చెప్పినా ఎదుటి మనిషి అక్కడే ఉండేవాడు. దాన్ని పోగొట్టుకోదలచలేదు. కానీ ఆయన తీర్పు నాకు అప్పుడూ సమ్మతం కాదు, ఇప్పుడూ సమ్మతం కాదు. నీళ్లలోంచి తీసి ఒకసారి కాపాడాడు, బాగుంది. అబద్ధమాడి రెండోసారి కాపాడమని నేను ఆయన్ను అడగలేదు. ఏళ్ల తరబడి ఆ మాట అనలేక ఊరిబిండిలో ఉప్పు గురించి అన్నాను.

ఇప్పుడు రావద్దనడానికి ఆయన లేడు. స్వెట్టరు కోసమని వెళ్లాను. గది అప్పుడే కడిగేశారు. రెండు కుర్చీలూ ఒకదానిలో ఒకటి దూర్చి బయట పెట్టారు. సామాన్లలో పతకం వెళ్లిందా అని వంటావిడను అడిగాను.

"ఏ పతకవండీ? ఆ పాలడబ్బా మూత తీసే బిళ్లా? బట్టల మధ్యన పెట్టి పంపేనండి. ఆయన వస్తువు ఒక్కటీ ఉంచలేదు" అంది. మామాను చూడాలని అన్నాను. ఎందుకని అడిగింది. ఒక ఫిర్యాదు ఉందన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసింది కానీ వెళ్లి చెప్పింది.

మామా బాగా వంగిపోయింది. అయినా కుర్చీలో వెన్ను ఆనించకుండా కూర్చుంది. మీరు ఆ రోజు ఇచ్చిన తీర్పు తప్పు, మీకు అందిన సాక్ష్యం తప్పు కనక, అని మొదలుపెట్టాను. రెండుసార్లు మునగడం చెప్పాను. బావి సంగతి, గోడ సంగతి చెప్పాను. ఎడమచెయ్యి ఎలా తడిమిందో నా చేత్తో గాలిలో చేసి చూపించాను. ఆవిడ నా చెయ్యినే చూస్తూ ఉండిపోయింది. మరి ఖతర్ లేదని ఎందుకు చెప్పాడు, అసలు ఆ ఖతర్ ఎక్కణ్ణుంచి వచ్చింది అని అడిగింది.

నా చెయ్యి నా రొమ్ము మీద పెట్టుకుని చూపించాను.

 ఆవిడ, ఇన్నేళ్లలో అతను తనతో ఆడిన అబద్ధం అదొక్కటేనని, అది తనకు కోపం తెప్పిస్తోందని చెప్పింది. కోపంగానే లేచింది. పెట్టె తెచ్చింది. రిబ్బను మడతలు పడిపోయి ఉంది. వంటావిడ చేత ఇస్త్రీపెట్టె తెప్పించింది. నేను చేస్తానన్నా, వంటావిడ చేస్తానన్నా ఒప్పుకోలేదు. పైన ఒక చేతిరుమాలు పరిచి తనే ఇస్త్రీ చేసింది. చల్లారేదాకా ఆగి, చుట్టి, నా చేతిలో పెట్టింది. ఎవరికి చేరాలో వాళ్లకు చేర్చమంది.

ఆ సాయంత్రమే సముద్రం దగ్గర కూర్చుని, వంటావిడ ఇచ్చిన నంబరుకు ఫోను చేశాను. ఆయన భార్య ఎత్తింది. నేనెవరో చెప్పడం ఎలాగో తెలియక, శుక్రవారాలు వచ్చేవాణ్ణి అన్నాను.

"ఉప్పెక్కువైంది, ఉడకలేదు అంటాంటావే, ఆ నాయనవేనా?" అంది.

అవునన్నాను. ఆమెకు బిళ్ల చేరింది. ఏమిటో తెలియక దేవుడి గూట్లో పెట్టిందట. నేను అంతా చెప్పాను. చెప్పు పోవడం దగ్గర్నుంచి.  గోడ దగ్గరికి వచ్చేసరికి అవతల ఊపిరి తీసుకోవడం వినిపించింది. మీ ఆయన ప్రాణానికి తెగించాడమ్మా, దానికి ఒక రిబ్బను ఉంది, అది ఆయనకు రావాలి, నా దగ్గర ఉంది అన్నాను. నన్ను తిడుతుందని చూశాను. తిడితే పడదామనే చేశాను.

"పంపు నాయనా. బిళ్లకు కట్టి ఆయప్ప పటానికి ఏస్తా" అంది. పెట్టేస్తుందనుకున్నాను. పెట్టేయలేదు.  నా ముందు నీళ్లు ఒడ్డుకు వచ్చి పోతున్నాయి. ఆ సప్పుడు ఆమెకు వినిపిస్తున్నట్టుంది.

"సముద్రం కాడ ఉండావా?"

"అవునమ్మా."

"నీకు ఇప్పుడన్నా ఈత వచ్చునా?"

"రాదమ్మా."

"అయితే దూరంగా కూచో నాయనా" అంది. "ఆయప్ప లేడు కదా ఆడ."